గురకకీ బీపీకీ కిడ్నీకీ లంకె ఉందంటున్నారు, ఎంత గట్టిది?

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ అన్న మాట ఎత్తితే చాలు, మిగతాది వినేవాళ్ళే పూర్తి చేసేస్తారు. ఉద్దానం, బోరు నీళ్ళు, డయాలసిస్, పలాస ఆసుపత్రి. ఏళ్ళ తరబడి చూస్తున్న బాధ కాబట్టి అలా గుర్తుకు రావడంలో తప్పేం లేదు, కానీ దానివల్ల ఒక చిక్కు వచ్చి పడింది. ఉద్దానంతో ఏ సంబంధం లేని రాజాంలోనో బొబ్బిలిలోనో చీపురుపల్లిలోనో ఎవరికైనా రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే లెక్క) పెరిగితే వాళ్ళు కూడా ముందు నీళ్ళనే అనుమానిస్తారు, ఇంటికి టిన్ను నీళ్ళు తెప్పించడం మొదలెడతారు, పదేళ్ళుగా కంట్రోల్‌లో లేని బీపీ మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఇప్పుడు దానికి తోడు ఇంకో మాట వాట్సాప్‌లో తిరుగుతోంది, గురక పెట్టేవాళ్ళకి కిడ్నీలు పోతాయట అని. "మా నాన్న బతికినన్నాళ్ళూ గురకెట్టాడు, ఆయన కిడ్నీలకి ఏటైంది?" అని కొట్టిపారేసేవాళ్ళు ఒకపక్క, భయపడి ఆన్‌లైన్‌లో ముక్కుకి తగిలించుకునే క్లిప్పులు కొనేవాళ్ళు ఇంకోపక్క.

ఆ ఒక్క మాటలో నిజానికి మూడు వేరు వేరు విషయాలు ఇరుక్కుని ఉన్నాయి. నిద్రలో ఊపిరి ఆగడానికీ బీపీకీ ఉన్న లంకె ఒకటి, బీపీకీ కిడ్నీకీ ఉన్న లంకె రెండోది, మధ్యలో బీపీతో పని లేకుండా ఊపిరి ఆగడమే నేరుగా కిడ్నీని దెబ్బతీస్తుందా అన్నది మూడోది. మొదటి రెండూ బాగా గట్టివి. మూడోది అంత గట్టిది కాదు, అక్కడే పరిశోధకులు కూడా ఒక మాట మీద లేరు. ఈ మూడూ విడివిడిగా చూస్తే గాని విషయం తెగదు.

గురక పెట్టే ప్రతివాళ్ళకీ ఊపిరి ఆగదు

నిద్రపోయాక ఒళ్ళంతా సడలినట్టే గొంతు కండరాలు కూడా సడలుతాయి. కొంతమందిలో నాలుక వెనక భాగం, కొండనాలుక చుట్టూ ఉన్న మెత్తటి కండ వెనక్కి జారి గాలి వెళ్ళే దారి ఇరుకైపోతుంది. ఇరుకులోంచి గాలి వెళ్తుంటే వచ్చే చప్పుడే గురక. అక్కడితో ఆగితే అది పక్కన పడుకున్నవాళ్ళ సమస్య మాత్రమే. కానీ కొబ్బరిబొండంలో నానిపోయిన కాగితం స్ట్రాని గట్టిగా పీల్చితే గోడలు లోపలికి అతుక్కుపోతాయి చూడండి, అలా గొంతు పూర్తిగా మూసుకుపోతే గాలి ఆగిపోతుంది, ఛాతీ మాత్రం పీల్చడానికి పెనుగులాడుతూనే ఉంటుంది. కనీసం 10 సెకన్ల పాటు ఇలా ఆగితే దాన్ని అప్నియా అంటారు. పూర్తిగా ఆగకుండా గాలి బాగా తగ్గిపోయి, దాంతో రక్తంలో ఆక్సిజన్ పడిపోతే హైపాప్నియా.

ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు సగం మేలుకుని గొంతుని మళ్ళీ తెరుస్తుంది. "హుక్" మని పెద్ద శబ్దం, తర్వాత మళ్ళీ గురక. పొద్దున్న లేచాక ఆ మనిషికి ఇదేమీ గుర్తుండదు, అందుకే ఈ జబ్బుకి మొదటి సాక్షి ఎప్పుడూ పక్కన పడుకున్న భార్యో భర్తో. గురక ఉన్నట్టుండి ఆగిపోయి కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఉలిక్కిపడినట్టు ఊపిరి. గురక చప్పుడు కన్నా ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దం డాక్టర్‌కి ఎక్కువ పనికొచ్చే సమాచారం.

ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికి ఏహెచ్‌ఐ అని ఒక లెక్క వాడతారు, అంటే గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో లేక బాగా తగ్గిందో. ఉదాహరణకి ఒకాయన స్లీప్ స్టడీలో, అంటే రాత్రి నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్షలో, 7 గంటలు నిద్రపోయాడు, మొత్తం 126 సార్లు ఇలా జరిగింది అనుకుందాం. 126ని 7తో భాగిస్తే 18. గంటకి 5 లోపు ఉంటే మామూలు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఈయనది మధ్యస్థం కిందకి వస్తుంది, అంటే సగటున మూడు నిమిషాల 20 సెకన్లకి ఒకసారి ఆయన నిద్ర చెడుతోంది, ఆయనేమో "నాకు పడుకోగానే నిద్ర పట్టేస్తాది" అని గర్వంగా చెప్పుకుంటుంటాడు.

ఇది గొంతు మూసుకుపోవడం వల్ల వచ్చే రకం, అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అంటారు. గొంతు తెరిచే ఉన్నా మెదడే ఊపిరి పీల్చమని చెప్పడం మర్చిపోయే రకం ఇంకోటి ఉంది, సెంట్రల్ స్లీప్ అప్నియా. గుండె ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళలో, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో ఈ రెండో రకం కూడా కలిసి కనిపిస్తుంది.

మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2023లో ఎయిమ్స్ పరిశోధకులు లెక్కేస్తే పెద్దవాళ్ళలో సుమారు 11 శాతం మందికి అబ్‌స్ట్రక్టివ్ రకం ఉందని తేలింది, మగవాళ్ళలో 13, ఆడవాళ్ళలో 5 శాతం. లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందన్నది సగం నిజం. బరువు, మెడ లావు పెద్ద కారణాలే, కానీ చిన్న దవడ, వెనక్కి ఉన్న గడ్డం లాంటి ముఖం ఆకారం వల్ల సన్నగా ఉన్నవాళ్ళకి కూడా వస్తుంది. ఆడవాళ్ళలో నెలసరి ఆగాక రిస్క్ పెరుగుతుంది, వాళ్ళు నిద్రమత్తు అని కాకుండా నీరసం, తలనొప్పి, నిద్ర పట్టట్లేదు అని చెప్తారు కాబట్టి ఎక్కువగా రక్తహీనత ఖాతాలోకో దిగులు ఖాతాలోకో పోతుంది.

పడుకున్నప్పుడు బీపీ దిగాలి, వీళ్ళకి దిగదు

ఆరోగ్యంగా ఉన్న మనిషికి రాత్రి నిద్రలో బీపీ పగటి కన్నా 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకి, రక్తనాళాలకి, కిడ్నీకి అదే విశ్రాంతి. ఇలా తగ్గనివాళ్ళని నాన్ డిప్పర్లు అంటారు.

ఇద్దరు మనుషులని తీసుకుందాం, ఊహించుకున్నవాళ్ళే. ఇద్దరికీ పగటి పై బీపీ సగటు 138. మొదటాయనకి రాత్రి సగటు 118, అంటే 20 తగ్గింది, 138లో 20 అంటే 14 శాతం పైన, బాగానే ఉంది. రెండో ఆయనకి రాత్రి 134, తగ్గింది 4 మాత్రమే, 3 శాతం కూడా లేదు. ఇద్దరూ సోమవారం పొద్దున్న ఆసుపత్రికి వెళ్తే ఇద్దరి చీటీ మీదా ఒకటే నంబర్ పడుతుంది, ఇద్దరికీ ఒకటే మాత్ర రాస్తారు. రాత్రి సగటు 120/70 దాటితే ఎక్కువ కింద లెక్క కాబట్టి రెండో ఆయన రాత్రి పూట హై బీపీలోనే ఉన్నాడు, కానీ ఆ సంగతి ఏ చీటీలోనూ లేదు. దాన్ని పట్టుకోవాలంటే చేతికి పట్టీ కట్టి 24 గంటలు వదిలేసే మెషీన్ కావాలి, యాంబులేటరీ బీపీ మానిటర్ అంటారు. మన దగ్గర చిన్న టౌన్లలో అది చేసే చోట్లు తక్కువ.

స్లీప్ అప్నియా ఉన్నవాళ్ళకి రాత్రి బీపీ ఎందుకు దిగదు అంటే, ఊపిరి ఆగిన ప్రతిసారీ ఒళ్ళు అదొక ప్రమాదం కింద తీసుకుంటుంది. ఆక్సిజన్ పడిపోవడం, కార్బన్ డయాక్సైడ్ పెరగడం, మెదడు ఉలిక్కిపడడం, ఈ మూడూ కలిసి సింపథెటిక్ నరాలని రెచ్చగొడతాయి, భయం వేసినప్పుడు గుండె దడదడలాడేది ఈ నరాల వల్లే. రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఊపిరి మళ్ళీ మొదలయ్యే క్షణంలో బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. ఇది రాత్రంతా వందసార్లు జరిగితే ఆ నరాల అలవాటు పగలు కూడా పోదు, మేలుకుని కూర్చున్నప్పుడు కూడా వాటి పని జోరుగానే ఉంటుంది. దీనికి తోడు రెనిన్, యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ల వరస కూడా లేస్తుంది, ఇవి ఉప్పుని, నీటిని ఒంట్లో పట్టి ఉంచుతాయి. మన ఎండుచేపలు, ఆవకాయ, మజ్జిగలో వేసుకునే ఉప్పు అన్నీ లెక్కేస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన రోజుకి 5 గ్రాముల హద్దు చాలా ఇళ్ళలో మధ్యాహ్నం భోజనానికే దాటిపోతుంది, ఆ ఉప్పుని బయటకి పోనివ్వని హార్మోన్లు దానికి తోడైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ మొదటి లంకెకి సాక్ష్యం గట్టిది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏళ్ళ తరబడి కొన్ని వందల మందిని గమనించిన అధ్యయనం 2000లో వచ్చింది, అందులో ఏహెచ్‌ఐ 15 కన్నా ఎక్కువ ఉన్నవాళ్ళకి నాలుగేళ్ళ తర్వాత హై బీపీ ఉండే అవకాశం, అసలు ఊపిరి ఆగనివాళ్ళతో పోలిస్తే సుమారు 2.9 రెట్లు. బరువు, వయసు లాంటివి లెక్కలోంచి తీసేశాక కూడా.

మూడు రకాల బీపీ మందులు, అందులో ఒకటి నీరు తీసే మందు, సరైన డోసులో వాడుతున్నా లొంగని బీపీ ఉంటుంది, రెసిస్టెంట్ హైపర్‌టెన్షన్ అని దాని పేరు. బ్రెజిల్‌లో ఇలాంటి 125 మందిని పరీక్షిస్తే 64 శాతం మందికి స్లీప్ అప్నియా ఉంది, మిగతా కారణాలన్నిటికన్నా ఎక్కువ. "మాత్రలు పెంచుతూనే ఉన్నారు, బీపీ దిగట్లేదు" అనే మనిషిని రాత్రి ఎలా పడుకుంటారని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నాలుగో మాత్ర రాసేయడం మన దగ్గర మామూలే, ఓపీలో జనం అలా ఉంటారు మరి.

కిడ్నీకి దెబ్బ ఎటునుంచి పడుతుంది

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల చిన్న జల్లెడలు ఉంటాయి, గ్లోమెరులస్ అంటారు. బీపీ ఎక్కువున్న రక్తం ఏళ్ళ తరబడి వాటిమీద ఒత్తిడి పెడితే జల్లెడ దెబ్బతిని, మామూలుగా బయటకి పోకూడని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది. కొన్ని జల్లెడలు చచ్చిపోతే మిగిలినవాటి మీద పని భారం పెరిగి అవి కూడా తొందరగా పాడవుతాయి. ఇది రెండో లంకె, దీన్ని ఎవరూ కాదనరు. పగలు నార్మల్‌గా ఉండి రాత్రి మాత్రమే పెరిగే బీపీ కూడా ఈ పని చేస్తుంది కాబట్టి అప్నియా ఇందులోకి మొదటి అడుగు ఇలా పెడుతుంది.

ఇక వివాదం ఉన్న మూడో లంకె. కిడ్నీ లోపలి భాగం, మెడుల్లా, మామూలు రోజుల్లోనే తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొచ్చే చోటు. రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే అక్కడి కణాలు దెబ్బతింటాయని, రక్తనాళాల లోపలి పొర చెడుతుందని, బీపీతో పనిలేకుండానే పైన చెప్పిన ఉప్పు పట్టి ఉంచే హార్మోన్ల వరస కిడ్నీలో లేస్తుందని వాదన. జంతువుల మీద చేసిన ప్రయోగాలు దీన్ని సమర్థిస్తాయి. మనుషుల్లో, రాత్రి ముక్కుకి గాలి పంపే మాస్క్ పెట్టాక కిడ్నీలో ఆ హార్మోన్ల పని తగ్గినట్టు కెనడా పరిశోధకులు చూపించారు.

మనుషుల మీద పెద్ద లెక్క అంటే 2015లో వచ్చిన అమెరికా మాజీ సైనికుల అధ్యయనం. 30 లక్షలకి పైగా మంది. స్లీప్ అప్నియా ఉన్నవాళ్ళకి కొత్తగా కిడ్నీ జబ్బు వచ్చే రిస్క్ రెట్టింపు దాటింది. ఇక్కడిదాకా చదివి హెడ్డింగ్ పెట్టేస్తే "గురకతో కిడ్నీలు గోవిందా" అవుతుంది. కానీ అదే అధ్యయనంలో చికిత్స తీసుకుంటున్న గుంపులో కూడా రిస్క్ తగ్గి కనపడలేదు, ఇంకాస్త ఎక్కువే ఉంది. మాస్క్ హాని చేసిందని దీనర్థం కాదు, జబ్బు బాగా ముదిరినవాళ్ళకే, లావు, షుగర్, గుండె జబ్బు ఎక్కువ ఉన్నవాళ్ళకే డాక్టర్లు మాస్క్ రాస్తారు కాబట్టి ఆ గుంపే మొదటినుంచీ రిస్క్ ఎక్కువ ఉన్న గుంపు. అంటే ఆ రెట్టింపులో అప్నియా వాటా ఎంత, అప్నియాతో పాటు వచ్చే పొట్ట, షుగర్, బీపీల వాటా ఎంత అన్నది ఇలాంటి అధ్యయనంతో విడదీయలేం. లెక్కలో సర్దుబాటు చేశామంటారు గాని పొట్ట చుట్టూ కొవ్వుని బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) ఒక్కటే పూర్తిగా పట్టుకోలేదు.

కిడ్నీ రిపోర్టు చదవడంలో ఒక తికమక ఇక్కడే తీర్చేసుకుంటే మంచిది. క్రియాటినిన్ 1.4 వచ్చింది అంటే అందరికీ ఒకటే అర్థం కాదు. 52 ఏళ్ళ మగాయనకి 1.4 ఉంటే, 2021 ఫార్ములాతో లెక్కేస్తే కిడ్నీ వడపోత వేగం, ఈజీఎఫ్ఆర్, సుమారు 60 వస్తుంది, అంటే గీత మీద ఉన్నాడు. అదే 52 ఏళ్ళ ఆడమనిషికి అదే 1.4 అయితే సుమారు 45, అంటే కిడ్నీ జబ్బు మూడో దశలో సగందూరం వెళ్ళిపోయింది. ఒకటే ల్యాబ్, ఒకటే నంబర్. ఈజీఎఫ్ఆర్ 60 లోపు మూడు నెలలు దాటి ఉన్నా, లేక మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటి అంతకాలం నిలబడినా దీర్ఘకాల కిడ్నీ జబ్బు అంటారు. బీపీ వల్ల వచ్చే దెబ్బ చాలాసార్లు ముందు ఈ రెండో పరీక్షలో కనిపిస్తుంది, క్రియాటినిన్ ఇంకా నార్మల్‌గా ఉండగానే.

రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారంటే

రాత్రి పదే పదే మూత్రానికి లేవడం అనగానే మనవాళ్ళు షుగర్ పరీక్ష చేయిస్తారు, అది లేకపోతే ప్రోస్టేట్ అంటారు. రెండూ సరైన అనుమానాలే. మూడోది ఒకటి ఉంది. మూసుకుపోయిన గొంతుకి ఎదురుగా ఛాతీ గట్టిగా పీలుస్తుంటే గుండెకి తిరిగొచ్చే రక్తం పెరిగి కుడి వైపు పై గది సాగుతుంది. అలా సాగితే గుండె దాన్ని "ఒంట్లో నీరు ఎక్కువైంది" అని తీసుకుని ఏఎన్‌పీ అనే హార్మోన్ వదులుతుంది, అది కిడ్నీకి ఉప్పూ నీళ్ళూ బయటకి పంపమని చెప్తుంది. అందుకే నిద్ర మధ్యలో మూత్రం వస్తుంది. ఈ రకం వాళ్ళకి మాస్క్ పెట్టిన కొద్దిరోజులకే లేవడం తగ్గుతుంది.

కిడ్నీ జబ్బే ఊపిరిని ఆపేదైతే?

వాట్సాప్ మెసేజ్‌లో ఎప్పుడూ రాని సగం ఇది. లంకె ఎదురు దిశలో కూడా నడుస్తుంది, నా ఉద్దేశంలో ఆ దిశలో సాక్ష్యం ఇంకా ఒప్పించేలా ఉంది.

కిడ్నీలు నీటిని సరిగ్గా బయటకి పంపలేకపోతే పగలంతా కాళ్ళలో నీరు చేరుతుంది. రాత్రి పడుకున్నాక ఆ నీరు కాళ్ళనుంచి పైకి జరిగి మెడ దగ్గర కణజాలంలో చేరుతుంది, గొంతు దారి మరీ ఇరుకవుతుంది. రక్తంలో యాసిడ్ పెరగడం, మలినాలు పేరుకోవడం ఊపిరిని కంట్రోల్ చేసే మెదడు వ్యవస్థని కూడా తికమక పెడతాయి. 2001లో టొరంటో డాక్టర్లు 14 మంది డయాలసిస్ పేషెంట్లని పగటి డయాలసిస్ నుంచి, ఇంట్లో రాత్రంతా నెమ్మదిగా చేసుకునే డయాలసిస్‌కి మార్చారు. వాళ్ళ ఏహెచ్‌ఐ సగటున 25 నుంచి 8కి పడిపోయింది. గొంతుకి ఏ చికిత్సా చెయ్యలేదు, నీరూ మలినాలూ బాగా తీశారు అంతే.

ఇంకో కెనడా అధ్యయనంలో, కిడ్నీ బాగున్నవాళ్ళలో 27 శాతం మందికి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో 41 శాతం మందికి, కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళలో 57 శాతం మందికి స్లీప్ అప్నియా కనిపించింది. చిక్కేంటంటే కిడ్నీ పేషెంట్లలో గురక, పగటి నిద్రమత్తు లాంటి మామూలు గుర్తులు అంత స్పష్టంగా ఉండవు. నీరసం ఉంటే "డయాలసిస్ మనిషి కదా, నీరసం ఉండదా" అనుకుంటాం. డాక్టర్లు వాడే ప్రశ్నల పట్టీ కూడా వీళ్ళ దగ్గర అంత నమ్మకంగా పనిచెయ్యదు.

కాబట్టి ఒక మనిషికి బీపీ, అప్నియా, కిడ్నీ జబ్బు మూడూ ఉన్నాయంటే ఏది ముందు వచ్చిందో తేల్చడం చాలాసార్లు కుదరదు. బీపీ కిడ్నీని చెడగొడుతుంది, చెడిన కిడ్నీ ఉప్పుని పట్టి ఉంచి బీపీని ఇంకా పెంచుతుంది, నీరు మెడకి చేరి ఊపిరిని ఆపుతుంది, ఆగిన ఊపిరి మళ్ళీ బీపీని.

ఉద్దానం జబ్బుని ఇందులో కలపొచ్చా

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే అడిగే ప్రశ్న ఇదే. కలపకూడదు, లేదా కనీసం ఇప్పటికి ఉన్న సాక్ష్యంతో కలపలేం.

బీపీ వల్ల, షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో దెబ్బ ఎక్కువగా జల్లెడల దగ్గర మొదలవుతుంది. ఉద్దానంలో కనిపించే కారణం తెలియని రకంలో దెబ్బ జల్లెడ తర్వాత ఉండే సన్నటి గొట్టాల దగ్గర, వాటి మధ్య కణజాలంలో ఉంటుంది. మూత్రంలో ప్రోటీన్ తక్కువే పోతుంది, మొదట్లో బీపీ నార్మల్‌గానే ఉంటుంది, తర్వాత తర్వాత పెరుగుతుంది. ఎక్కువమంది ఒళ్ళొంచి తోటల్లో, పొలాల్లో పనిచేసేవాళ్ళు, లావు కూడా కాదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరుకు తోటల్లో కనిపించేది కూడా ఇలాంటిదే. 2019లో అచ్చయిన ఒక సర్వేలో ఉద్దానంలో పరీక్షించినవాళ్ళలో సుమారు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు ఉందని, వాళ్ళలో ఎక్కువమందికి షుగర్, బీపీ లాంటి తెలిసిన కారణాలు లేవని వచ్చింది. నీళ్ళు, ఎండ, డీహైడ్రేషన్, పురుగుమందులు, నొప్పి మాత్రలు, జన్యువులు, ఇలా చాలా అనుమానాలు ఉన్నాయి, ఏదీ ఇదే అని నిలబడలేదు. ఆ జాబితాలో గురకని చేర్చడానికి ఆధారం లేదు.

కానీ పై విభాగంలో చెప్పిన ఎదురు దారి మాత్రం ఉద్దానం వాళ్ళకీ వర్తిస్తుంది. కారణం ఏదైనా కిడ్నీ పోయాక నీరు మెడకే చేరుతుంది. 2023 డిసెంబర్లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి కాబట్టి డయాలసిస్‌కి విశాఖ పరిగెత్తే బాధ కొంత తగ్గింది, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ నిద్ర సంగతి చూడడం అన్నది మాత్రం ఇంకా ఎవరి నోటా వినపడదు.

తలనొప్పి మాత్ర, నిద్ర మాత్ర, రాత్రి చుక్క

ఇది పరిశోధన పేపర్లలో పక్కన ఒక వాక్యంలో పోతుంది, కానీ మన దగ్గర ఇదే పెద్ద దారి అయి ఉండొచ్చని నాకనిపిస్తుంది. రాత్రంతా ఊపిరి ఆగి లేచే మనిషికి పొద్దున్న తల బరువుగా, నొప్పిగా ఉంటుంది, ఒళ్ళు విరిచేసినట్టుంటుంది. ఏం చేస్తాడు? మెడికల్ షాపుకెళ్ళి "ఒళ్ళు నొప్పులకి ఏదైనా ఇవ్వు బాబూ" అంటాడు. డైక్లోఫినాకో ఎసిక్లోఫినాకో చేతిలో పెడతారు. ఈ రకం మందులు కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని బిగిస్తాయి, ఉప్పుని పట్టి ఉంచుతాయి, బీపీని కూడా కొంత పెంచుతాయి. అప్పటికే టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు, నీరు తీసే మందు వాడుతున్న మనిషి మధ్యాహ్నం ఎండలో పనిచేసి నీళ్ళు తక్కువ తాగి ఈ మూడో మాత్ర కూడా మింగితే కిడ్నీ కొద్దిరోజుల్లోనే దెబ్బతినొచ్చు. టెల్మిసార్టన్ రకం మందులు మామూలుగా కిడ్నీని కాపాడేవే, గొడవ ఆ కలయికతో.

నిద్ర సరిగ్గా లేదని అల్ప్రజోలం లాంటి మాత్ర వేసుకునేవాళ్ళు, ఒక పెగ్గేస్తే హాయిగా పడుతుందనేవాళ్ళు కూడా ఉంటారు. రెండూ గొంతు కండరాలని ఇంకా సడలిస్తాయి, మెదడు మేలుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. చూసేవాళ్ళకి గాఢనిద్ర లాగే కనిపిస్తుంది, లోపల ఊపిరి ఆగే సమయం పెరుగుతుంది.

మాస్క్ పెట్టుకుంటే కిడ్నీ బాగవుతుందా

సీపాప్ అంటే ముక్కుకి మాస్క్ పెట్టి కొంచెం ఒత్తిడితో గాలి పంపే మెషీన్, ఆ ఒత్తిడికి గొంతు మూసుకుపోకుండా ఉంటుంది. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ అనే డాక్టర్ దీన్ని మొదట వాడాడు. ఊపిరి ఆగడాన్ని ఆపడంలో, పగటి నిద్రమత్తు తగ్గించడంలో దీనికి తిరుగులేదు.

బీపీ మీద ప్రభావం ఉంది కానీ చిన్నది. మాత్రలకి లొంగని బీపీ ఉన్న 194 మంది మీద స్పెయిన్‌లో చేసిన ట్రయల్‌లో 12 వారాలకి 24 గంటల సగటు బీపీ సుమారు 3 పాయింట్లు తగ్గింది. 160 ఉన్న మనిషికి 157 అయితే ఏమొచ్చింది అని అనిపిస్తుంది. రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి: రాత్రి బీపీ దిగే పద్ధతి కొంతమందికి తిరిగొచ్చింది, రోజూ ఎక్కువ గంటలు పెట్టుకున్నవాళ్ళకి ఎక్కువ తగ్గింది.

కిడ్నీ దగ్గరికొచ్చేసరికి ఉత్సాహం చల్లబడుతుంది. సేవ్ అనే పెద్ద ట్రయల్, 2016లో ఫలితాలొచ్చాయి, మన దేశంతో సహా ఏడు దేశాల్లో గుండె జబ్బో పక్షవాతమో వచ్చిన 2,717 మంది. సగం మందికి మాస్క్ ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా వచ్చాయి. అందులోనే 200 మంది కిడ్నీలని నాలుగేళ్ళకి పైగా గమనిస్తే ఈజీఎఫ్ఆర్ తగ్గే వేగంలో కూడా తేడా రాలేదు.

మాస్క్‌ని సమర్థించేవాళ్ళ జవాబు ఇది: ఆ ట్రయల్‌లో సగటున రాత్రికి 3.3 గంటలే పెట్టుకున్నారు, ఏడు గంటల నిద్రలో సగం కూడా కాదు, మిగతా సగం అప్నియా మామూలుగానే నడిచింది. పైగా విపరీతమైన నిద్రమత్తు ఉన్నవాళ్ళని ట్రయల్‌లోకి తీసుకోలేదు, కిడ్నీ అప్పటికే దెబ్బతిన్నవాళ్ళు తక్కువ. అవతలివాళ్ళ మాట, నిజ జీవితంలో జనం పెట్టుకునేది కూడా అంతే కదా, ట్రయల్‌లోనే పెట్టుకోనిది ఉక్కపోతలో కరెంటు పోయే ఊళ్ళో ఎవరు పెట్టుకుంటారు? రెండు వాదనల్లోనూ బలం ఉంది. నాకైతే బీపీకి, నిద్రకి మాస్క్ రాయడం సబబే అనిపిస్తుంది, కిడ్నీ మందు అని చెప్పి వేలకి వేలు పెట్టి కొనిపించడం మాత్రం కాదు.

రాత్రి బీపీ సమస్య అయితే మాత్రని రాత్రికి మార్చుకుంటే సరిపోదా అన్నది ఇంకో ప్రశ్న. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా మీద చేసిన టైమ్ అనే పేరున్న ట్రయల్ 2022లో తేల్చింది, పొద్దున్న వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా లేదు.

ఆల్డోస్టిరాన్‌ని ఆపే స్పైరోనోలాక్టోన్ లొంగని బీపీకి బాగా పనిచేస్తుంది, ఒంట్లో నీరు తగ్గడం వల్ల కొంతమందిలో అప్నియాని కూడా తగ్గించినట్టు చిన్న అధ్యయనాల్లో వచ్చింది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి మాత్రం పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు కాబట్టి అది ఇచ్చేవాళ్ళు రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు.

కొత్త ఇంజెక్షన్ల హడావిడి

ఈ మధ్య ఈ టాపిక్ మళ్ళీ పైకి రావడానికి ఒక కారణం బరువు తగ్గించే ఇంజెక్షన్లు. టిర్జెపటైడ్‌ని 2024 డిసెంబర్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, లావుగా ఉండి మధ్యస్థ లేదా తీవ్ర స్లీప్ అప్నియా ఉన్నవాళ్ళకి వాడొచ్చని అనుమతించింది, ఆ జబ్బుకి అలా అనుమతి వచ్చిన మొదటి మందు అదే. 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన దేశంలోకి వచ్చింది, షుగర్‌కి, బరువుకి. ఏడాది ట్రయల్‌లో ఏహెచ్‌ఐ గంటకి 25 నుంచి 29 దాకా తగ్గింది, పై బీపీ కూడా తగ్గింది. మాస్క్‌కి భిన్నంగా ఇది లావు అనే మూలం మీద పనిచేస్తుంది, అందుకే ఆశ ఎక్కువ. కానీ ఆ ట్రయల్‌లోకి వచ్చినవాళ్ళు బాగా లావుగా ఉన్నవాళ్ళు, సన్నగా ఉండి దవడ చిన్నదై అప్నియా వచ్చిన మనిషికి ఆ ఫలితం వర్తించదు.

కిడ్నీ సంగతికొస్తే, అదే కుటుంబానికి చెందిన సెమాగ్లూటైడ్, షుగర్‌తో పాటు కిడ్నీ జబ్బు ఉన్న 3,533 మందిలో తీవ్రమైన కిడ్నీ సమస్యల్ని, గుండె మరణాల్ని కలిపి చూస్తే 24 శాతం తగ్గించిందని 2024లో వచ్చింది. ఈ రెండు వార్తల్ని అతికించి "నిద్ర బాగుపడితే కిడ్నీ బాగుపడింది" అని రాసేస్తున్నారు. రెండూ వేరు మందులు, వేరు మనుషులు. రెండో ట్రయల్‌లో వాళ్ళ నిద్రని కొలవడం లక్ష్యమే కాదు, మొదటి ట్రయల్ పెట్టింది కిడ్నీ ఎన్నేళ్ళు నిలబడిందో తేల్చడానికి కాదు. బరువు, షుగర్, బీపీ, నిద్ర అన్నీ ఒకేసారి మారిన మనిషిలో కిడ్నీకి మేలు చేసింది ఏదో విడదీసి చెప్పాలంటే ఆ పని కోసమే పెట్టిన ట్రయల్ కావాలి.